నేల కనపడేదాకా

డాక్టర్ సుందరరామయ్య చేత గుంజీళ్లు తీయించాలన్నది నా కోరిక. మనుషులకు ఇల్లు కట్టుకోవాలనో, కూతుర్ని ఇంజనీరు చేయాలనో ఉంటుంది. మూడేళ్లపాటు నాకు ఇదొక్కటే ఉంది. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు. గుర్‌గావ్ దాటి పటౌడీ రోడ్డులో వెళ్తే వచ్చే ఆ కోళ్ల ఫారం గేటు ముందు, ఊరంతా చూస్తుండగా, సరిగ్గా నేను తీసిన చోటే తీయాలి.

నేను తీసింది 2003 ఆగస్టులో. ఇరవై ఒకటి తీశాను.

మాది అనపర్తి పక్క పల్లె. మా వైపు పుట్టినవాడికి నడక రాకముందే కోళ్ల షెడ్డు వాసన అలవాటవుతుంది. మా ఆవిడ రెబ్కాకి గుర్‌గావ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే, నేనూ ఆమె వెనకాలే వచ్చి ఆ ఫారంలో సూపర్‌వైజర్‌గా చేరాను. ఎనిమిది షెడ్లు, నలభై వేల గుడ్ల కోళ్లు, మూలన మాకు రెండు గదుల క్వార్టరు. యజమాని లాలాజీ ఢిల్లీలో ఉండేవాడు. నెలకోసారి కారులో వచ్చి, ముక్కుకి రుమాలు కట్టుకుని ఒక చుట్టు చుట్టి వెళ్లేవాడు.

కోళ్ల ఫారం అన్నాక ఈగలుంటాయి. ఎన్ని ఉంటాయన్నది సూపర్‌వైజర్ చేతిలో ఉంటుంది. కేజుల కింద కోళ్ల రెట్ట పడి ఎరువు కుప్పగా పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతకాలం ఆ కుప్ప ఈగకు పనికిరాదు. తడిసిందా, ఈగకు అంతకన్నా మంచి పురిటిల్లు దొరకదు. ఇంకో సంగతి కూడా ఉంది. పాత పొడి ఎరువులో నువ్వుగింజంత నల్ల పెంకు పురుగులు వేలకు వేలు పెరుగుతాయి. ఈగ పెట్టిన గుడ్లనీ, వాటి పిల్ల పురుగుల్నీ అవి తినేస్తాయి. అందుకే తెలిసినవాడెవడూ ఎరువు మొత్తం ఒకేసారి ఎత్తడు. చలికాలంలో, వరస విడిచి వరస ఎత్తుతాడు. ఎత్తిన వరసలో కూడా అడుగున జానెడు పాత ఎరువు వదిలేస్తాడు. ఇది నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. మా మేనమామ చెవి మెలేసి చెప్పాడు.

ఈగల్ని లెక్కపెట్టడానికి కూడా నాకొక పద్ధతి ఉండేది. రెబ్కా దాచుకున్న క్రిస్మస్ కార్డుల్ని చింపి, తెల్లవైపు బయటికి పెట్టి, ప్రతి షెడ్డులో దూలానికి వేలాడదీసేవాణ్ణి. ఈగ వాలిన చోట చిన్న నల్ల చుక్క పెడుతుంది. వారానికోసారి అట్ట దింపి, చుక్కలు లెక్కపెట్టి, తేదీ వేసి దాచేవాణ్ణి. రెండేళ్లలో ఏ అట్ట మీదా ముప్ఫై చుక్కలు దాటలేదు. పక్కనే ఉన్న ఊరివాళ్లకు మా ఫారం ఉందన్న సంగతి గాలి ఇటు వీచినప్పుడే గుర్తొచ్చేది.

అప్పుడు వచ్చాడు డాక్టర్ సుందరరామయ్య. పశువైద్యంలో పెద్ద పదవి చేసి రిటైరై, ఢిల్లీ ఆర్.కె. పురంలో కొడుకు క్వార్టర్‌లో ఉంటున్నాడు. లాలాజీ ఆయన్ని ఫారానికి సలహాదారుగా పెట్టాడు. తెలుగువాడు వస్తున్నాడని నేను పొంగిపోయాను. రెబ్కా టీ పెట్టి, గ్లాసు మీద స్టీలు మూత పెట్టి ఇచ్చింది. ఫారంలో ఎవరింటికి వెళ్లినా టీ అలాగే ఇస్తారు. మూత తీసి గుక్క తాగి మళ్లీ మూత పెట్టుకోవాలి. మూత లేకుండా టీ ఇచ్చారంటే లేచి వెళ్లమన్నట్టే. ఆయన మూత ఎత్తను కూడా ఎత్తలేదు. "ఆఫీసులో తాగుతాలేవోయ్" అన్నాడు. ఎందుకు తాగలేదో అడక్కుండానే నాకూ రెబ్కాకీ తెలిసింది.

జులైలో ఆయన కేజుల కింద నీళ్ల పైపు పెట్టి కడగమన్నాడు. పరిశుభ్రతట! నేను వద్దన్నాను. దండం పెట్టి వద్దన్నాను. వారంలో ఎరువంతా జావగా మారింది. రెండు వారాల్లో ఊళ్లో రొట్టె కనపడకుండా ఈగలు ముసిరాయి. ఒక పసిపిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఊరు ఊరంతా గేటు దగ్గరికి వచ్చేసింది.

నేను నా అట్టలు పట్టుకుని ఆఫీసులోకి పరిగెత్తాను. "చూడండి సార్, కడగకముందు పద్దెనిమిది చుక్కలు, కడిగాక మూడొందలు" అన్నాను. ఆయన ఒక అట్ట తీసుకుని బల్ల మీద వేసి, దాని మీద తన టీ గ్లాసు పెట్టుకున్నాడు. "ఇది మీ ఆదివారం బడి కాదోయ్, బొమ్మలు తెచ్చి చూపించడానికి" అన్నాడు. తర్వాత గేటు దగ్గరికి వెళ్లి, మంచి హిందీలో, తప్పంతా సూపర్‌వైజర్ నిర్లక్ష్యమని చెప్పాడు. సర్పంచ్ ధరమ్‌బీర్ ఆరడుగుల మనిషి. నన్ను జబ్బ పట్టుకుని ముందుకు లాగి "కాన్ పకడ్" అన్నాడు.

చెవులు పట్టుకున్నాను. పదకొండో గుంజీ దగ్గర ఆసుపత్రి వ్యాను వచ్చి ఆగింది. రెబ్కా తెల్ల యూనిఫాంలో దిగి, మనుషుల మధ్య నిలబడి, మిగతా పది చూసింది. మర్నాడు క్వార్టరు ఖాళీ చేసి ఢిల్లీ మునిర్కాలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. రెబ్కా ఆ రోజు మాట ఒక్కసారీ ఎత్తలేదు. తిట్టినా, ఏడ్చినా, కనీసం నవ్వినా కొంత తేలికపడేవాణ్ణి.

మా పాస్టరుగారు క్షమించడం గురించి ప్రసంగం మొదలుపెట్టినప్పుడల్లా నాకు బయట ఏదో పని గుర్తొచ్చేది.

ఆ తర్వాత నేను ఎరువు ఎత్తే కాంట్రాక్టు పనిలోకి దిగాను. ఫారాల్లో ఎరువు ఎత్తి, సోనీపట్ వైపు పుట్టగొడుగులు పెంచేవాళ్లకు తోలించడం. గడ్డం పెంచాను. మొహం నల్లబడింది. హిందీ కూడా హర్యానా వాళ్లలాగే మొరటుగా మాట్లాడటం వచ్చింది. 2006 మార్చి ఆఖర్లో ఆ ఫారం నుంచే నాకు ఫోన్ వచ్చింది.

వెళ్లాను. సుందరరామయ్య అదే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి "తెలుగువాడివా? ఏ ఊరోయ్?" అన్నాడు. నేను అనపర్తి అన్నాను. పేరు యేసుకుమార్ అని ఉన్నదే చెప్పాను. "మంచిది" అన్నాడు. ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడ్డాను. ఏమీ లేదు. నన్ను బొత్తిగా మర్చిపోయాడు. మూడేళ్లు నేను ఈ మనిషిని తలుచుకుంటూ నిద్రలేచాను, ఇతనికి నా మొహం కూడా గుర్తులేదు. గుంజీళ్ల కన్నా అదే ఎక్కువ మండింది నాకు.

సంగతేమిటంటే, ఏప్రిల్ ఇరవై నాలుగున ఢిల్లీ నుంచి అధికారులు, నాలుగు రాష్ట్రాల నుంచి ఫారం యజమానులు వస్తారట. ఈ ఫారాన్ని ఆదర్శ ఫారంగా చూపిస్తారట. షామియానా వేసి అక్కడే భోజనాలు. ఊరి పెద్దల్ని కూడా పిలుస్తున్నారు. "రెండు రోజుల ముందు ఎనిమిది షెడ్లూ ఎత్తెయ్యాలి. నేల మెరవాలి" అన్నాడు.

నేను మనసులోనే రోజులు లెక్కేశాను. రెండు రోజుల ముందు ఎత్తితే ఏమీ కాదు. ఈగకు పుట్టి పెరగడానికి వ్యవధి ఉండదు. వచ్చినవాళ్లు నేల చూసి మెచ్చుకుని వెళ్తారు. అదే మూడు వారాల ముందు ఎత్తితే? పెంకు పురుగులు పోతాయి. ఒట్టి సిమెంటు మీద కొత్త ఎరువు పచ్చిగా పడుతుంది. ఏప్రిల్ ఎండలకి పది రోజుల్లో ఒక తరం ఈగలు లేస్తాయి. ఇరవై రోజుల్లో రెండో తరం. ఇరవై నాలుగో తారీఖుకి సరిగ్గా అన్నం వడ్డించే వేళకి అందుతాయి.

"అప్పటికి ట్రాలీలు దొరకవండీ. గోధుమ కోతలు కదా, ఏప్రిల్ నడుమ బైసాఖీ పండగ నుంచి అన్నీ మండీకి ధాన్యం తోలడానికే పోతాయి. ఒకటో తారీఖున అయితే మొత్తం ఎత్తేస్తాను" అన్నాను. అబద్ధం. నాలుగు ట్రాలీలు ఎప్పుడు కావాలంటే అప్పుడు తెచ్చే దోస్తులు నాకున్నారు.

ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "ఇంకా మంచిదే, మూడు వారాలు శుభ్రంగా ఉంటుంది" అన్నాడు.

"నేల కనపడేదాకానా అండీ? అడుగున ఏమీ వదలొద్దా?"

"ఒక్క రవ్వ కూడా వదలకు. నీకు తెలుగులోనే చెబుతున్నాగా?"

"అలా అయితే ఒక ముక్క రాసివ్వండి సార్. తర్వాత తగువులు రాకుండా, అందరి దగ్గరా తీసుకుంటాను." అది మాత్రం నిజం. ఆయన లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాసి, తేదీ వేసి, పొడుగాటి సంతకం చేసి ఇచ్చాడు. ఎనిమిది షెడ్లూ నేల వరకు ఒకేసారి ఖాళీ చేయించవలసిందిగా నా ఆదేశం అని ఉంది అందులో. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

నా తర్వాత వచ్చిన సూపర్‌వైజర్ మల్లేశం అనే కుర్రాడు. జగిత్యాల వైపు నుంచి వచ్చాడు. పెళ్లై రెండేళ్లయింది. భార్య గౌరి. మేముండే క్వార్టర్‌లోనే ఉంటున్నారు. ట్రాక్టర్లు లోపలికి రాగానే నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మొత్తం తీస్తున్నవా? మా దిక్కు అడుగుల కొంచెం ఇడిసిపెడ్తరని ఇన్న. నువ్వు ఈ పనిల ఎప్పటిసంది ఉన్నవో, నీకెర్కుంటది గద. ఏం కాదా?"

నన్ను నమ్మి అడిగాడు. ఆ ఫారంలో నన్ను నమ్మి మాట అడిగిన మొదటి మనిషి.

"ఏం కాదులే మల్లేశం. డాక్టర్‌గారే చెప్పాక ఇంకేముంది?" అన్నాను.

"నువ్వంటే ఠీకే అన్నా" అని వెళ్లిపోయాడు. కాసేపటికి గౌరి టీ తెచ్చింది. గ్లాసు మీద స్టీలు మూత. "ఎండల పనిజేస్తున్నవ్, తాగన్నా" అంది. మూత తీసి తాగాను. పెట్టి మళ్లీ తీసి తాగాను. నాకేమీ అనిపించలేదు. అబద్ధం ఎందుకు, హాయిగానే తాగాను.

మూడు రోజుల్లో ఎనిమిది షెడ్లూ నేల తేలాయి. రెండు ట్రాలీల ఎరువు మాత్రం సోనీపట్ పంపకుండా మానేసర్ దగ్గర ఒక పాత రేకుల షెడ్డులో పోయించాను. కేజుల కింద కడగడం ఎప్పుడో మానేశారు, ఆ ఎరువు నిండా నల్ల పెంకు పురుగులు. నా రోజుల్లో నేను కాపాడిన వాటి పిల్లల పిల్లలవి. నా కోపం డాక్టరు మీద గానీ పురుగుల మీద కాదు కదా.

ఏప్రిల్ ఇరవై నాలుగున తెల్లచొక్కా వేసుకుని, జేబులో ఆ కాగితం పెట్టుకుని వెళ్లి గేటు దగ్గర జనంలో నిలబడ్డాను. ఈగలు లేచాయి. నేను లెక్కవేసినదానికన్నా బాగా లేచాయి. షామియానా గుంజలు నల్లగా కనపడ్డాయి. పనీర్ గిన్నె మూత తీసిన వంటవాడు భయపడి మళ్లీ మూసేశాడు. ఢిల్లీ అధికారి ఒకాయన ఉపన్యాసం మొదలుపెట్టి, నోట్లోకి ఈగ పోయి, ఉమ్మి, మైకు వదిలేసి కారెక్కాడు. సుందరరామయ్య ఫైలుతో గాలిలో కొట్టుకుంటూ అటూ ఇటూ పరిగెడుతున్నాడు. రెబ్కా కూడా వచ్చి ఉంటే బాగుండేదనుకున్నాను. అంత ఆనందం ఒక్కడికి ఎక్కువ.

అప్పటికే వారం రోజులుగా ఈగలు ఊళ్లోకి చేరి ఊరు ఉడుకుతోంది. భోజనానికి పిలిస్తే వచ్చిన సర్పంచ్ ధరమ్‌బీర్, ఈగలు ముసిరిన పళ్లెం తీసుకెళ్లి సుందరరామయ్య ముందు పెట్టాడు. "డాక్టర్ సాబ్, ఏ ఖా కే దిఖావో" అన్నాడు, ఇది తిని చూపించమని. జనం గేటు తోసుకుని లోపలికి వచ్చారు. ఇదే, ఇదే నేను మూడేళ్లు చూసిన సినిమా. ఇప్పుడు జబ్బ పట్టుకుని లాగుతాడు అనుకున్నాను.

సుందరరామయ్య చెయ్యి ఎత్తి మల్లేశాన్ని చూపించాడు. మూడేళ్ల క్రితం నన్ను చూపించిన చెయ్యే, అదే మంచి హిందీ, ఒక్క ముక్క కూడా మారలేదు. సూపర్‌వైజర్ నిర్లక్ష్యమట. తను ముందే హెచ్చరించాడట.

ఇది నా బుర్రకు తట్టలేదు. ఇరవై రోజుల లెక్క వేసినవాణ్ణి, ఈగ తరాలు లెక్క వేసినవాణ్ణి, ఈ ఒక్కటీ వేసుకోలేదు. ఆ మనిషికి తప్పు వచ్చినప్పుడల్లా పక్కన ఒక సూపర్‌వైజర్ ఉంటాడని నాకన్నా ఎవరికి తెలియాలి?

మల్లేశం నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. ధరమ్‌బీర్ వాణ్ణి ముందుకు తోశాడు. వాడు చెవులు పట్టుకుని కూర్చున్నాడు, లేచాడు. గౌరి క్వార్టరు గుమ్మంలో చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. మల్లేశం లేచిన ప్రతిసారీ జనంలో నన్నే చూస్తున్నాడు. అన్నకి తెలుసు, అన్న చెబుతాడు అన్నట్టు.

కాగితం నా జేబులోనే ఉంది. తీస్తే డాక్టరు పని అయిపోతుంది. కానీ తీస్తే నేనూ బయటపడతాను. ఈ పనిలో నా మాటే నా బతుకు. తెలిసి ఫారం ముంచినవాణ్ణి మళ్లీ ఎవడు షెడ్డులోకి రానిస్తాడు? ఇదంతా నేను ఒకటి, రెండు, మూడు దగ్గర ఆలోచించాను. నాలుగు, అయిదు దగ్గర కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆరు దగ్గర వాడు తూలాడు. ఏడు అయ్యాక నేను ఆపమని గట్టిగా అరిచాను.

జనాన్ని తోసుకుని వెళ్లి ధరమ్‌బీర్ చేతిలో కాగితం పెట్టాను. ఇంగ్లీషు చదవగలిగే కుర్రాడొకడు హిందీలో చెప్పాడు. ఒకేసారి నేల దాకా ఎత్తితే ఈగలు ఎందుకు లేస్తాయో నేను చెప్పాను. ధరమ్‌బీర్ కాగితం చూశాడు, సంతకం చూశాడు, డాక్టరు వంక తిరిగాడు.

సుందరరామయ్య నా మొహంలోకి చూశాడు. మొదటిసారి సరిగ్గా చూశాడు. "నువ్వు... ఆ అట్టముక్కలవాడివి!" అన్నాడు. గుర్తొచ్చింది. దేవుడి దయవల్ల గుర్తొచ్చింది. "ఆయ్, నేనేనండి" అన్నాను. ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో నేను దాచుకోను. ఇప్పుడు తలుచుకున్నా తియ్యగానే ఉంటుంది.

"వీడికి తెలుసు! వీడికి ముందే తెలుసు! తేదీ కూడా వీడే పెట్టాడు!" అని ఆయన తెలుగులో అరిచాడు. అక్కడ తెలుగు అర్థమయ్యేది నాకు, మల్లేశానికి, గౌరికి మాత్రమే.

ధరమ్‌బీర్ ఆయన చేతులు పట్టుకుని ఆయన చెవుల మీద పెట్టాడు. అరవై నాలుగేళ్ల మనిషి. మూడు తీసి, మోకాళ్లు పట్టేసి, నేల మీద చతికిలబడ్డాడు. సరిగ్గా నేను తీసిన చోటే. ఊరంతా నవ్వింది. నేను కూడా నవ్వి, ఆ నవ్వుతోనే మల్లేశం వైపు తిరిగాను. వాడు నవ్వడం లేదు. చెవుల మీద నుంచి చేతులు దించడం మర్చిపోయి నన్ను చూస్తున్నాడు.

సాయంత్రం మునిర్కాలో రెబ్కాకి అంతా చెప్పాను. మూడేళ్ల నుంచి చెప్పాలనుకున్న కథ. డాక్టరు మూడు తీశాడన్నాను. మల్లేశం ఏడు తీశాడని కూడా చెప్పాను. ఆమె యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి అడిగింది.

"వాళ్లావిడ చూసిందా?"

"చూసింది."

రెబ్కా మళ్లీ ఇస్త్రీ మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే మానేసర్ షెడ్డులో పోయించిన పాత ఎరువును నలభై గోనెసంచుల్లోకి ఎత్తించి ఫారానికి తీసుకెళ్లాను. సుందరరామయ్య లేడు. ఇక రాడని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. మల్లేశం లోపలికి రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. సంచులు విప్పి, కేజుల కింద వరస విడిచి వరస, పెంకు పురుగులున్న పాత ఎరువు పలచగా చల్లాను. కారుతున్న నీళ్ల గొట్టాలు ఎక్కడెక్కడున్నాయో చూపించాను. వాడు పాన తెచ్చి బిగించాడు. ఎనిమిది షెడ్లు పూర్తయ్యేసరికి మూడు రోజులు పట్టింది. మూడు రోజుల్లో వాడు నన్ను ఒక్కసారి కూడా అన్నా అనలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం క్వార్టరు అరుగు మీద కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాను. గౌరి టీ తెచ్చి నా పక్కన పెట్టింది. మూత లేదు.

మూత ఇంట్లో లేక కాదు. గుమ్మం పక్కన బిందె మీద బోర్లించి ఉంది, నాకు కనపడుతూనే ఉంది. నేను చెయ్యి చాపేలోపే గ్లాసులో ఒక ఈగ పడింది, దాని వెనకే ఇంకోటి. గౌరి కదల్లేదు.

"ఏడు అయినంక తీసినవ్ కాయితం" అంది. "నేను లెక్కవెట్టిన."

నేను వేలితో రెండు ఈగల్నీ తీసి పారేసి, టీ మొత్తం తాగాను. గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించి ట్రాక్టరు ఎక్కాను.